ఎర్రనేల మీద వట్టిపోయిన గేదె

నమోదు 212

నా పై అధికారి యాదగిరి సార్ ఆదేశం మేరకు ఇకమీదట ఈ నమోదుల్లో హాస్యం ఉండరాదు. పోయిన నెల నేను రాసిన "గేదెకు కాస్త జలుబు చేసింది" అన్న వాక్యం భూమి దాకా వెళ్లిందట. పశువైద్యుణ్ని పంపమంటారా అని అక్కణ్నుంచి ఎవరో అడిగారట. సార్ పరువు రెండు గ్రహాల మీదా పోయింది.

కనుక గంభీరంగా మొదలుపెడుతున్నాను. పేరు ప్రద్యుమ్న. చదువు జీవరసాయనంలో ఎమ్మెస్సీ. నివాసం అంగారకుడి మీద కెంజాయపాలెం. ఉద్యోగం గేదె కాపరి.

గేదె అంటే కొమ్ములున్నది కాదు. అది రెండు నిలువుల గాజు తొట్టి, నిండా ఈస్టు. పొద్దున్నే వంటశాల నుంచి కుడితి వస్తుంది: బియ్యం కడిగిన నీళ్లు, మూకుళ్లు తొలిచిన నీళ్లు, నిన్నటి పులుసు. పోస్తాను. తెడ్డుతో కలుపుతాను. మధ్యాహ్నానికి పైన పప్పు మీగడలా తేలుతుంది. తీసి, పిండి, ఆరబెట్టి వంటశాలకు పంపుతాను. రుచికి కందిపప్పే. కుడితి తాగి కడుపు నింపేదాన్ని గేదె అనక ఇంకేమంటారు? సార్ మాత్రం బర్రె అంటారు. ఆయనది సిద్దిపేట.

ఈరోజు విశేషం. వంటశాల పెద్ద మస్తానమ్మ పిన్ని పాలెం సభతో ఏళ్ల తరబడి పోట్లాడి సాధించుకున్న పింగాణీ మూకుళ్లు బట్టీ దిగాయి. తెల్లగా, నున్నగా, ముఖం చూసుకునేలా ఉన్నాయి. పాత ఇనప మూకుళ్లకు శాలువా కప్పి సాగనంపారు. ఇది హాస్యం కాదు, నిజంగానే కప్పారు. వాటిని కరిగించి మా అక్క బండికి ఇరుసు పోస్తున్నారు.

అక్క పేరు సువర్చల. రాళ్ల శాస్త్రవేత్త. ధూళికాలం మొదలయ్యేలోపు పదకొండు మందిని వెంటేసుకుని లోయలో రెండో పాలెం కట్టడానికి వెళ్తోంది. అక్కడా ఒక గేదె కావాలి కదా. పాలకు తోడు వేసినట్టు, కొత్త తొట్టిలో వేయడానికి కాస్త ఈస్టు, ముద్ర వేసిన డబ్బాలో, శీతలగదిలో సిద్ధంగా ఉంది. దాన్నీ తోడనే అంటాం. నెలకోసారి నా జుట్టు కత్తిరించేది కూడా అక్కే. ఎలా కత్తిరిస్తుందని అడగవద్దు. ఆమె చదివింది రాళ్ల గురించి.

నమోదు 219

పప్పు తగ్గింది. మీగడ కట్టాల్సిన చోట మజ్జిగ తేట తేలుతోంది.

ఖాళీ పళ్లెంతో వంటశాలకు వెళ్లాను. మస్తానమ్మ పిన్ని నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

"ఏం నాయనా, నీ గేదె అలిగిందా? కొత్త మూకుళ్లు వచ్చిన సంబడం, అందులో కాచేదానికి పప్పేదీ?"

"కుడితి సరిగ్గానే పోస్తున్నా పిన్నీ."

"కుడితికేం తక్కువ? గిన్నెలు అద్దాల్లా తోమి, ఆ నీళ్లే పంపిస్తన్నా. మరక కాదు కదా, మచ్చ కూడా ఉండదు అందులో."

సార్‌కు చెప్పాను. ఆయన తొట్టి చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, గాజు మీద తట్టి చూశారు. పుచ్చకాయ కొనేవాళ్లు అలాగే తడతారు.

"కుడితి ఇంకింత పొయ్యి. ఆకలైనట్టుంది."

పోశాను. తాగింది. ఇవ్వలేదు.

నమోదు 223

ఈరోజు చీటీలు చదివించాను. తెలియనివారి కోసం ఒక్క మాట. కణం అసలు వంటల పుస్తకాన్ని పెట్టెలోంచి బయటికి తీయదు. కావలసిన వంటకు ఒక చీటీ రాసి బయటికి పంపుతుంది. మెసెంజర్ ఆర్ఎన్ఏ అని చదువుకున్నది ఈ చీటీనే. బయట రైబోజోములనే వంటమాస్టర్లు ఉంటారు. చీటీ తల దగ్గర ఎక్కి, తోక దాకా చదువుతూ పోతారు. వాళ్లు చదవడమూ వండడమూ ఒకేసారి జరుగుతాయి. పని తీరాక చీటీని చింపేసే వాళ్లు వేరే ఉంటారు. చీటీలు పోగుపడితే ఇల్లు నడవదు కదా.

పప్పు చీటీలు ఎప్పుడూ ఉన్నన్నే ఉన్నాయి. ఒక్కటీ తగ్గలేదు.

"చీటీలు ఉన్నాయి సార్. చదివేవాళ్లే లేరు."

"చదివేటోళ్లు లేకపోవుడేందిరా? మిగిలిన వంటలన్నీ అయితలేవా? చీటీలు చాలుతలేవు. జల్ది రెట్టింపు రాయించు."

జన్యువును తట్టిలేపే చక్కెర ఒకటి ఉంది. సార్ చెప్పారని పోశాను. ఉద్యోగం ఉండాలంటే సార్ చెప్పింది చేయాలి, చీటీ ఉండాలంటే ఎవరూ చింపకూడదు. ఈ రెండు సూత్రాల మీదే ప్రపంచం నడుస్తోంది.

నమోదు 226

చీటీలు నాలుగింతలయ్యాయి. పప్పు ఇంకా తగ్గింది. శుభలేఖలు నాలుగింతలు వేయించినంత మాత్రాన నలుగురు పెళ్లికూతుళ్లు రారని సార్‌కు మనవి చేశాను. ఇది హాస్యం కాదు, ఉపమానం.

మరో వింత. పప్పుతో సంబంధం లేని ఇంకో రకం చీటీలు గుట్టలుగా పడి ఉన్నాయి. వాటిని ఎవరూ రాయించలేదు, చింపేవాళ్లూ ముట్టుకోవడం లేదు.

సాయంత్రం సార్ తెడ్డు పైకెత్తి చూసి, వాడుకలో లేని ఒక పని చేశారు. నన్ను మెచ్చుకున్నారు. "తెడ్డు మంచిగ తోమినవ్ రా. ఒక్క తుప్పు మరక లేదు."

నేను తోమలేదు. పది రోజుల నుంచీ ఆయనే తోముతున్నారనుకుని మనసులో దండం పెట్టుకుంటున్నాను. మెచ్చుకోలు అరుదైన వస్తువు కనుక కాదనలేదు.

నమోదు 228

పాలెం సభ కూర్చుంది. నూట అరవై మందికి పప్పు లేదు, నిల్వ అడుగంటుతోంది. శనివారం పొద్దుటికల్లా గేదె దారికి రాకపోతే తొట్టి ఖాళీ చేసి, కడిగి, శీతలగదిలోని తోడు పోయాలని తీర్మానించారు.

అంటే అక్క తోడు. ఇంకో తోడు పెంచి, పరీక్షించి, ముద్ర వేయడానికి ఒక అంగారక సంవత్సరం పడుతుంది. భూమి లెక్కలో దాదాపు రెండేళ్లు. అప్పటిదాకా రెండో పాలెం లేదు.

సభలో అక్క చెయ్యెత్తింది. తీర్మానానికి అనుకూలంగానే. తన దగ్గరున్న శీతలగది తాళం చెవి కూడా తానే తీసి సభవాళ్లకు ఇచ్చింది.

సభ అయ్యాక నా జుట్టు కత్తిరించే రోజు గుర్తొచ్చి, తువ్వాలు కప్పి స్టూలు మీద కూర్చోబెట్టింది.

"కదలకు. చెవి తెగుద్ది."

"నీకు కోపం రాలేదా అక్కా?"

"దేనికి రా?"

"నీ తోడు నా గేదెకు పోస్తున్నారు."

"నూట అరవై మంది కడుపు. దానిముందు నా పదకొండు మంది మోజెంత?" కత్తెర కాసేపు ఆడింది, ఆగింది. "ఆ లోయకి నేను పేరు కూడా పెట్టలేదు తెలుసా. చూడకుండా పేరు పెడితే బాగోదని. పిల్ల పుట్టకముందే బారసాల చేసినట్టు ఉంటదని."

కత్తెర మళ్లీ ఆడింది. నా ఎడమవైపు మాత్రం మామూలుకన్నా ఘోరంగా కత్తిరించింది.

గేదె వట్టిపోతే అక్క ఉండిపోతుంది. ఈ వాక్యానికి తొట్టితో సంబంధం లేదు. సార్ దీన్ని కొట్టేయవచ్చు.

నమోదు 229

పై వాక్యాన్ని సార్ కొట్టేయలేదు. చదివి ఉండరు.

పొద్దున్నే తొట్టి గదిలో కూర్చుని రెండు రకాల చీటీలనూ పక్కపక్కన పెట్టి చూశాను. రెండింటిలోనూ ఒకే ముడి ఉంది. చీటీ తన మీదికే మడత పడి, జడ పిన్నులా బిగిసిన చిన్న ముడి. పప్పు చీటీకి అది తల దగ్గర. రెండో రకానికి తోక దగ్గర.

ఈ ముడిని పట్టుకునే ప్రోటీన్ ఒకటుంది. దాని అసలు పేరు ఒక ఊపిరిలో పలకలేం. నేను గంగులు అంటాను. గంగులు వాచ్‌మన్. చేతిలో ఇనుము ఉన్నంతసేపూ రెండు చేతులూ దానికే సరి, చీటీల జోలికి పోడు. ఇనుము అందకపోతే ఖాళీ చేతులు ఊరుకోవు, ముడి కనిపిస్తే పట్టుకు కూర్చుంటాడు. పప్పు చీటీ తల మీద కూర్చున్నాడా, వంటమాస్టర్ ఎక్కలేడు. చీటీ ఉంటుంది, వంట ఉండదు. రెండో చీటీ తోక మీద కూర్చున్నాడా, చింపేవాడు అక్కడే మొదలుపెట్టాలి గనుక చెయ్యి పెట్టలేడు. చీటీకి చావుండదు.

మనిషి ఒకడే, పట్టూ ఒకటే. ముందు గేట్లో కూర్చుంటే ఎవర్నీ లోపలికి రానివ్వడు, వెనక గేట్లో కూర్చుంటే ఎవర్నీ బయటికి పోనివ్వడు.

ఆ రెండో చీటీలో ఏం రాసుందో చదివాను. కణం గోడకు ఇనుము మింగే నోరు ఎలా కట్టాలో రాసుంది. గుట్టలకొద్దీ చీటీలు, గోడనిండా నోళ్లు. లేచి తెడ్డు చూశాను. తళతళలాడుతోంది. దాన్ని తోమింది సార్ కాదు, నేనూ కాదు. గేదె నాకేసింది.

అంటే దానికి ఆకలి కాదు. రక్తహీనత. మన పప్పులో ఇనుము కలిసే ఉంటుంది. ఇనుము లేనప్పుడు పప్పు చేసి ఉన్న కాస్తా పోగొట్టుకోకూడదని, భూమ్మీద దీన్ని తయారుచేసినవాళ్లు మన ఒంట్లోని గంగుల్నే తెచ్చి కాపలా పెట్టారు. అక్కడ దాన్ని పెంచింది ఇనప తొట్టిలో. ఇనుము వేరుగా కలపాలని ఎవరికీ తోచలేదు, సూచనల్లో రాయలేదు. మాదేమో గాజు తొట్టి. మరి ఇన్నేళ్లూ దీనికి ఇనుము ఎక్కణ్నుంచి వచ్చింది?

జవాబు మధ్యాహ్నం కంచంలో పడింది.

"చూశావా అబ్బాయ్, గోంగూర పులుసు ఎంత ఎర్రగా నిగనిగలాడతందో!" మస్తానమ్మ పిన్ని గరిటె ఎత్తి చూపించింది. "ఆ దిక్కుమాలిన ఇనప మూకుళ్లలో బొగ్గులాగా నల్లబడేది."

"ఏమన్నావ్ పిన్నీ?"

"ఏంది, జుట్టుతో పాటు చెవులు కూడా కత్తిరించిందా మీ అక్క? నల్లబడేది అన్నా. పులుపు తగిలితే ఇనుము దిగదా మరి?"

"ఆ నల్లటి మూకుళ్లు తొలిచిన నీళ్లే కదా నాకు పంపించేదానివి?"

"ఇంకెవరికి పంపుతా? నీ గేదెకే." అని, నా ముఖం చూసి, మెల్లగా గరిటె దించింది. "ఏందిరా? నా మూకుళ్లే దాన్ని వట్టిపోయేట్టు చేసినయ్యా?"

ఆవిడ మూడేళ్ల పోరాటం ఆ తెల్లటి మూకుట్లో ఉంది. అబద్ధం చెప్పాలనిపించింది. చెప్పలేదు.

"మూకుళ్ల తప్పు లేదు పిన్నీ. ఇన్నాళ్లూ నువ్వు దానికి టానిక్ పోస్తున్నావని మాకెవరికీ తెలియదు. నీకూ తెలియదు."

ఆవిడ నా కంచంలో ఇంకో గరిటె పులుసు వేసింది.

బండ్ల కొట్టానికి పరిగెత్తాను. అక్క ఇరుసుకు నూనె పెడుతోంది. ఊపిరి తిప్పుకోకుండా అంతా చెప్పి, చివరికి ఆ ఇరుసు వంక చూశాను.

"మూకుళ్లన్నీ ఇందులోనే ఉన్నాయి కదా."

"ఉన్నయ్. ఇది కోస్తే నాకు బండి లేదు, కోయకపోతే తోడు లేదు." అక్క నూనెగుడ్డ పక్కన పెట్టింది. ఒక నిమిషం నన్నే చూసింది. తర్వాత కడుపు పట్టుకుని నవ్వింది. "ఒరేయ్ ఎమ్మెస్సీ! కిటికీలోంచి బయటికి చూడు."

చూశాను. కొండలు, గుట్టలు, మైదానం, ఆకాశం. అంతా ఎరుపు.

"అది ఏంటి?"

"ధూళి."

"ధూళి కాదురా, జేగురు. తుప్పు! ఈ గ్రహం మొత్తం తుప్పు. నీ గేదె తుప్పుగుట్ట మీద కూర్చుని ఇనుము లేదని ఏడుస్తోంది."

నన్ను తప్పుపట్టి లాభం లేదు. ధూళి గుమ్మం దాటరాదన్నది ఇక్కడ పిల్లలకు నేర్పే మొదటి పాఠం. అందులో విషపు ఉప్పు ఉంటుంది. తలుపు దగ్గర ఊదుకుంటాం, దులుపుకుంటాం, తుడుచుకుంటాం. ఇన్నేళ్లు దులిపాక అందులో ఇనుము కూడా ఉందన్న సంగతి మా బుర్రల్లోంచి కూడా దులిపేసుకున్నాం.

నమోదు 230

ఉప్పు నీటిలో కరుగుతుంది, జేగురు కరగదు. అక్క బయటి ధూళి తెచ్చి ఏడు నీళ్లు కడిగింది. ప్రతి నీటినీ పరీక్షించింది. ఏడోదానిలో విషం ఆనవాలు లేదు. తర్వాత మస్తానమ్మ పిన్ని దాన్ని కొత్త పింగాణీ మూకుట్లో వేసి, పుల్లటి గోంగూర రసం పోసి, పొద్దుటి నుంచీ సన్నసెగ మీద మరిగించింది. తెల్ల మూకుట్లో పులుసు నెమ్మదిగా నల్లబడుతుంటే ఆవిడ ముఖంలో దుఃఖం, ఆనందం వంతులవారీగా కనిపించాయి.

సార్ తొట్టి ముందు చేతులు చాపి అడ్డం నిలబడ్డారు.

"మన్ను పోసి బర్రెను సంపుతవా? నా పాణం ఉండంగ కానియ్య!"

"రేపు ఎలాగూ కడిగేస్తున్నారు కదా సార్," అన్నాను.

"కడుగుడు వేరు, సంపుడు వేరు!"

ఆ మాటతో నాకు ఆయన మీద ఎన్నడూ లేని గౌరవం కలిగింది. ఆయనకు కూడా అది బర్రే. తొట్టి కాదు.

అక్క ముందుకొచ్చింది. "సార్, మొత్తం వద్దు. ఒక చెంబుడు బయటికి తీసి అందులో పోద్దాం. చెడితే ఆ చెంబే చెడుద్ది."

సార్ చాలాసేపు గడ్డం గీరుకుని, చెంబు తానే ముంచి తెచ్చారు. నల్ల పులుసు రెండు చెంచాలు పోసి, ముగ్గురమూ దాని చుట్టూ కూర్చున్నాం. కొత్తగా చీటీలు రాయించే పని లేదు. చీటీలన్నీ రాసే ఉన్నాయి. గంగులు చేతికి ఇనుము అందడమే తరువాయి. రాత్రి భోజనాల గంట ఇంకా కొట్టలేదు, చెంబు అంచున తెల్లటి మీగడ కట్టింది.

సార్ వేలితో తీసి నాలుక మీద వేసుకున్నారు. కళ్లు మూసుకున్నారు. తెరిచారు.

"మరి నిలవడి సూస్తవేందిరా? బిందె పట్రా!"

నమోదు 231

శనివారం. రాత్రంతా ఇంకా నల్ల పులుసు కాచి, పొద్దున్నే తొట్టిలో బిందెలకొద్దీ పోశాం. ఈరోజు ఒక శాస్త్రీయ సత్యాన్ని మొత్తం పాలెం కళ్లారా చూసింది. దాన్ని ముందే ఊహించాల్సినవాణ్ని నేను. ఊహించలేదు.

సార్ మాట విని నాలుగింతలు రాయించిన చీటీలు తొట్టినిండా ఉన్నాయి. ఒక్కొక్క చీటీ తల మీదా ఒక్కొక్క గంగులు కూర్చుని ఉన్నాడు. అందరి చేతికీ ఒకేసారి ఇనుము అందింది. అందరూ ఒకేసారి లేచారు.

తొట్టి ఖాళీ చేయించడానికి సభవాళ్లు వచ్చేసరికి పప్పు మూత తన్నుకుని, గాజు మీదుగా జారి, నేల నిండి, గుమ్మం దాటి వాళ్ల బూట్లను పలకరించింది.

"ఆపురా!" సార్ మడమల లోతు పప్పులోంచి అరిచారు.

"నా చేతుల్లో లేదు సార్! ఆ చీటీలు చిరిగేదాకా అది ఆగదు!"

మస్తానమ్మ పిన్ని పింగాణీ మూకుళ్లు వరసగా మోసుకొచ్చి జారే చోటల్లా పెట్టింది. "తొక్కబాకండయ్యా, అన్నంలో కలుపుకునేది!" అని సభ పెద్దలను గరిటెతో అదిలించింది. అక్క గుమ్మం దగ్గర నిలబడి నవ్వుతోంది. ఆ నవ్వు చూశాక, శీతలగది తాళం చెవి ఎవరూ అడక్కుండానే సభవాళ్లు తిరిగి అక్క చేతిలో పెట్టారు.

నమోదు 240

బండి బయలుదేరింది. పుట్టింటి నుంచి పంపేటప్పుడు సారె పెట్టాలని మస్తానమ్మ పిన్ని పట్టుబట్టింది. తోడు డబ్బా పక్కన ఏడు నీళ్లు కడిగిన జేగురు ఒక మూట, ఎండు గోంగూర ఒక మూట, గోంగూర విత్తనాలు, ఒక పింగాణీ మూకుడు.

"ఇదెందుకు పిన్నీ?" అని అడిగింది అక్క.

"తెల్లదాంట్లో అయితే పులుసు నల్లబడింది లేంది బాగా తెలుసుద్దమ్మా. ఇనుము దిగినట్టు గుర్తు."

అక్క నా తల నిమిరి, ఎడమవైపు చూసి నాలుక కరుచుకుంది. "ఇటేపు కొంచెం సరిచేయాల్సింది."

"వచ్చాక చెయ్యి."

"ఎప్పుడొస్తానో."

"తొందరేం లేదు. జుట్టుకి గంగులు లేడుగా. దాని పాటికి అది పెరుగుద్ది."

సార్ ఇది హాస్యమంటారు. ఆ సమయంలో నాకు అలా అనిపించలేదు.

నమోదు 263

పప్పు మామూలుగా వస్తోంది. అదనపు చీటీలన్నీ చిరిగిపోయాయి. నోటి చీటీల గుట్ట కూడా కరిగింది. గంగులు తోక వదిలేశాడు, చింపేవాళ్లు తమ పని తాము చేసుకున్నారు. పొద్దున తెడ్డు మీద మళ్లీ తుప్పు మచ్చ కనిపించింది. సార్ తోమమన్నారు. ఇంత ఆరోగ్యకరమైన మచ్చను తోమేది లేదని తెలియజేశాను. ఆయన కూడా కాసేపు దాన్ని తృప్తిగా చూసుకుని వెళ్లిపోయారు.

మధ్యాహ్నం రెండో పాలెం నుంచి తొలి సందేశం వచ్చింది. అక్క పంపింది. ఇది తొట్టికి సంబంధించిన విషయమే గనుక ఉన్నదున్నట్టు నమోదు చేస్తున్నాను.

"గేదె ఈనింది. పులుసు నల్లగా ఉంది. పిన్నికి చెప్పు. జుట్టు ఎవరు కత్తిరించారు?"

చివరి ప్రశ్న తొట్టికి సంబంధించినది కాదు. దానికి జవాబు ఇక్కడ రాయడం లేదు. కళ్ల మీద పడుతున్న జుట్టు వెనక్కి తోసుకుని, మస్తానమ్మ పిన్నికి చెప్పడానికి వెళ్తున్నాను.